రామనాథపురం: మాటలన్నీ దీవిపైన, అసలు పేచీ వలపైన

తమిళనాడు ఆగ్నేయ తీరాన ఉన్న రామనాథపురం లోక్‌సభ నియోజకవర్గం రామేశ్వర క్షేత్రం వల్ల దేశమంతటికీ పరిచితమే. ఎన్నికల వేళ మాత్రం దాని పేరు వెంట తప్పనిసరిగా మరో పేరు వినిపిస్తుంది. అది కచ్చతీవు. భారత్, శ్రీలంకల నడుమ పాల్క్ జలసంధిలో 285 ఎకరాల విస్తీర్ణం గల ఈ చిన్న దీవిలో జనావాసం లేదు. తాగునీటి వసతీ లేదు. ఉన్నది ఒక్క సెయింట్ ఆంథోనీ చర్చి. అయినప్పటికీ అర్ధ శతాబ్దంగా ఈ దీవి తమిళనాడు రాజకీయాలలో తరగని వివాదంగా నిలిచి ఉంది.

2024 లోక్‌సభ ఎన్నికలకు మూడు వారాల ముందు ఈ వివాదం జాతీయ స్థాయికి చేరింది. అయితే ఫలితాలను పరిశీలిస్తే దీవి చుట్టూ సాగిన వాగ్వాదానికీ, పోలైన ఓట్లకూ మధ్య సంబంధం స్వల్పమేనని అర్థమవుతుంది. తీర గ్రామాల మత్స్యకారులను ఏటా శ్రీలంక జైళ్ల పాలు చేస్తున్న సమస్యకు మూలం దీవి యాజమాన్యంలో కన్నా వేట పద్ధతిలోనే ఎక్కువగా ఉంది. ఈ రెండింటి తేడాను గుర్తించకపోతే రామనాథపురం రాజకీయం గానీ, ఇరు దేశాల మధ్య ఎడతెగని జాలర్ల సమస్య గానీ బోధపడదు.

ఆరు సెగ్మెంట్లు, రెండు ప్రపంచాలు

రామనాథపురం లోక్‌సభ స్థానంలో ఆరు అసెంబ్లీ సెగ్మెంట్లు ఉన్నాయి. పరమకుడి (ఎస్సీ), తిరువాడానై, రామనాథపురం, ముదుకులత్తూర్ అనే నాలుగు రామనాథపురం జిల్లాకు చెందినవి. అరంతాంగి పుదుక్కోట్టై జిల్లాలోనూ, తిరుచ్చుళి విరుదునగర్ జిల్లాలోనూ ఉన్నాయి. పరమకుడి, తిరుచ్చుళిలకు సముద్రం లేదు. తక్కిన నాలుగింటికి తీరం ఉన్నా, వాటిలోనూ లోతట్టు గ్రామాలు అనేకం.

తీరంలో హిందూ, ముస్లిం, క్రైస్తవ మత్స్యకార గ్రామాలు పక్కపక్కనే కనిపిస్తాయి. రామేశ్వరం, మండపం, తొండి, కోట్టైపట్టినం, జగదాపట్టినం వంటి రేవులు వేటకు కేంద్రాలు. కీళక్కరై తరతరాలుగా సముద్ర వాణిజ్యానికి పేరుపడిన ముస్లిం పట్టణం. తీరం దాటి లోపలికి వెళితే దృశ్యం పూర్తిగా మారుతుంది. వానపై, చెరువులపై ఆధారపడిన మెట్ట సేద్యం, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన రామనాథపురం ముండు మిరప, పరమకుడి చేనేత మగ్గాలు, పొలాలను ఆక్రమించిన సర్కారు తుమ్మ, ఆ తుమ్మను కాల్చి బొగ్గు చేసి బతికే కుటుంబాలు ఇక్కడి జీవితం. నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల జాబితాలో తమిళనాడు నుంచి చేరినవి రెండే జిల్లాలు. వాటిలో రామనాథపురం ఒకటి, విరుదునగర్ మరొకటి. అంటే ఈ లోక్‌సభ స్థానంలోని ఆరు సెగ్మెంట్లలో ఐదు ఆ రెండు జిల్లాల పరిధిలోనే ఉన్నాయి.

లోతట్టు గ్రామాల ఓటరుకు ముందుగా గుర్తొచ్చేది తాగునీరు. కావేరి జలాలను గొట్టాల ద్వారా ఇంత దూరం తెచ్చినా కొరత పూర్తిగా తీరలేదు. దీనికి తోడు సామాజిక వైరుధ్యాల నీడ కూడా ఈ ప్రాంతంపై దీర్ఘకాలంగా ఉంది. 1957 నాటి ముదుకులత్తూర్ అల్లర్లు, ఆ ఏడాది సెప్టెంబరు 11న దళిత నాయకుడు ఇమ్మానుయేల్ శేఖరన్ హత్య నేటికీ ఇక్కడి రాజకీయ స్మృతిలో సజీవంగా ఉన్నాయి. ఏటా సెప్టెంబరులో పరమకుడిలోని ఆయన స్మారకం వద్దకూ, అక్టోబరు 30న పసుంపొన్‌లోని ముత్తురామలింగ తేవర్ స్మారకం వద్దకూ అన్ని ప్రధాన పక్షాల నేతలూ తరలివెళ్లడం ఓట్ల లెక్కలో భాగమే. ఇటువంటి చోట ఒక్క దీవి పేరు చెప్పి ఆరు సెగ్మెంట్లనూ కదిలించడం ఏ పక్షానికీ సులభసాధ్యం కాదు.

ఒకే పార్టీని నమ్ముకోని ఓటరు

ఈ నియోజకవర్గం ఏ పార్టీకీ శాశ్వత కంచుకోట కాలేదు. తొలి ఎన్నికలలో కాంగ్రెస్‌ను ఆదరించి, 1967లో ముస్లిం నాయకుడు ఎస్.ఎం. మహమ్మద్ షెరీఫ్‌ను, 1971లో ఫార్వర్డ్ బ్లాక్ నేత పి.కె. మూక్కయ్య తేవర్‌ను లోక్‌సభకు పంపింది. 1984 నుంచి 1991 వరకు మూడు పర్యాయాలు కాంగ్రెస్ వరుసగా గెలిచింది. ఆ తరువాత తమిళ మానిల కాంగ్రెస్, అన్నాడీఎంకే, డీఎంకే వంతులవారీగా గెలిచాయి. 2009లో డీఎంకే తరఫున నటుడు జె.కె. రితీశ్, 2014లో అన్నాడీఎంకే తరఫున ఎ. అన్వర్ రాజా విజయం సాధించారు.

ఈ వరుసలో మూక్కయ్య తేవర్ పేరు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. 1974 జులై 23న కచ్చతీవు ఒప్పందంపై నాటి విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేసినప్పుడు తీవ్ర అభ్యంతరం తెలిపిన సభ్యులలో రామనాథపురం ప్రతినిధిగా ఆయన ఒకరు. అప్పటికి పెరియకుళం సభ్యుడిగా ఉన్న షెరీఫ్ కూడా ఆ నిరసనలో పాలుపంచుకున్నారు. అంటే ఈ స్థానపు నాటి సభ్యుడూ, మాజీ సభ్యుడూ ఇద్దరూ ఆ ఒప్పందాన్ని సభలోనే వ్యతిరేకించారు. కచ్చతీవు నిన్నగాక మొన్న పుట్టిన ఎన్నికల నినాదం కాదనడానికి ఇది నిదర్శనం.

రెండు ఒప్పందాలు, రెండు అర్థాలు

సాధారణంగా ప్రసంగాలలో ‘కచ్చతీవును ఇచ్చేశారు’ అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. వాస్తవంలో ఒప్పందాలు రెండు. 1974 జూన్ చివరి వారంలో ప్రధాని ఇందిరా గాంధీ, శ్రీలంక ప్రధాని సిరిమావో బండారనాయకే సంతకాలు చేసిన మొదటి ఒప్పందం పాల్క్ జలసంధిలో సముద్ర సరిహద్దును నిర్ణయించింది. ఆ గీత కచ్చతీవును శ్రీలంక వైపు ఉంచింది. అయితే భారతీయ మత్స్యకారులూ, యాత్రికులూ వీసాల వంటి ప్రయాణ పత్రాలు లేకుండానే దీవికి వెళ్లే వీలును, ఇరు దేశాల పడవల సంప్రదాయ హక్కులను ఆ ఒప్పందమే ప్రస్తావించింది.

రెండోది 1976 మార్చి 23 నాటిది. మన్నార్ సింధుశాఖ, బంగాళాఖాతాలలో సరిహద్దును పొడిగించిన సందర్భంలో ఇరు ప్రభుత్వాల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలు సాగాయి. ఒక దేశపు మత్స్యకారులు మరో దేశపు జలాలలో వేటాడరాదని వాటిలో స్పష్టంగా పేర్కొన్నారు. కన్యాకుమారి దక్షిణాన మత్స్యసంపదకు నెలవైన వాడ్జ్ బ్యాంక్‌పై భారత్‌కు హక్కులు దక్కిన ఒప్పందం కూడా ఇదే. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉంది. తమిళనాడులో డీఎంకే ప్రభుత్వం అదే ఏడాది జనవరి 31న బర్తరఫ్ అయి, రాష్ట్రపతి పాలన సాగుతోంది. మత్స్యకారుని దృష్టిలో దీవి యాజమాన్యం కన్నా వేట హక్కును మూసివేసిన ఈ 1976 నిర్ణయమే ఎక్కువ నష్టదాయకం. ప్రసంగాలలో మాత్రం 1974కు దక్కిన చోటు 1976కు దక్కలేదు.

ఆ తరువాతి కథ తీర్మానాలతో, వ్యాజ్యాలతో సాగింది. 1991లో తమిళనాడు శాసనసభ దీవిని తిరిగి పొందాలని కోరింది. 2008లో జయలలిత సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2014లో అదే కోర్టులో అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ, దీవిని వెనక్కి తీసుకోవాలంటే యుద్ధమే చేయవలసి ఉంటుందన్న భావం వ్యక్తం చేశారు. 2015లో సమాచార హక్కు దరఖాస్తుకు విదేశాంగ శాఖ ఇచ్చిన సమాధానం మరింత ఆసక్తికరం. ఆ ప్రాంతానికి అంతకుముందు సరిహద్దు నిర్ణయమే జరగలేదు గనుక భూభాగాన్ని పొందడం గానీ వదులుకోవడం గానీ జరగలేదన్నది దాని సారాంశం.

2024: ప్రచారం ఒక దారి, ఫలితం మరో దారి

2024 మార్చి 31న ప్రధాని నరేంద్ర మోదీ సామాజిక మాధ్యమంలో కచ్చతీవును ప్రస్తావించి కాంగ్రెస్‌ను తప్పుబట్టారు. నాటి రాష్ట్ర బీజేపీ అధ్యక్షుడు కె. అన్నామలై సమాచార హక్కు ద్వారా సేకరించిన పత్రాలు దీనికి ఆధారం. మర్నాడు విదేశాంగ మంత్రి ఎస్. జైశంకర్ విలేకరుల సమావేశంలో మాట్లాడుతూ, గత 20 ఏళ్లలో 6,184 మంది భారత మత్స్యకారులను శ్రీలంక నిర్బంధించిందనీ, 1,175 పడవలను స్వాధీనం చేసుకుందనీ వెల్లడించారు. ఒప్పందం సంగతి నాటి ముఖ్యమంత్రి ఎం. కరుణానిధికి ముందే తెలుసునని బీజేపీ ఆరోపించింది. తాము ఆదినుంచీ వ్యతిరేకించామనీ, 1974లోనే శాసనసభలో తీర్మానం చేశామనీ డీఎంకే బదులిచ్చింది. పదేళ్ల పాలనలో దీవి కోసం కేంద్రం ఏం చేసిందని ప్రతిపక్షాలు ఎదురు ప్రశ్న వేశాయి.

ఏప్రిల్ 19న పోలింగ్ జరిగింది. డీఎంకే కూటమి తరఫున ఇండియన్ యూనియన్ ముస్లిం లీగ్ అభ్యర్థి, సిట్టింగ్ సభ్యుడు కె. నవాస్ కని నిచ్చెన గుర్తుపై నిలిచారు. ఎన్‌డీఏ మద్దతుతో మాజీ ముఖ్యమంత్రి ఓ. పన్నీర్‌సెల్వం స్వతంత్ర అభ్యర్థిగా పనసపండు గుర్తుపై పోటీచేశారు. ఆయన పేరే గల మరో ఐదుగురు నామినేషన్లు వేయడం ఆ ఎన్నికల విశేషాలలో ఒకటి. అన్నాడీఎంకే, నామ్ తమిళర్ కట్చి వేర్వేరుగా బరిలో దిగాయి.

నవాస్ కనికి 5,09,664 ఓట్లు, పన్నీర్‌సెల్వానికి 3,42,882 ఓట్లు లభించాయి. ఆధిక్యం 1,66,782. అంతకుముందు 2019లో నవాస్ కని బీజేపీ అభ్యర్థి నయినార్ నాగేంద్రన్‌పై 1,27,122 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. నాగేంద్రన్‌కు నాడు వచ్చినవి కూడా దాదాపు 3.43 లక్షల ఓట్లే. అంటే కచ్చతీవు అంతగా మారుమోగని 2019లోనూ, మారుమోగిన 2024లోనూ ఎన్‌డీఏ పక్షానికి దక్కిన ఓట్లు ఇంచుమించు సమానం.

ఈ పోలికను యథాతథంగా స్వీకరించడం సరికాదు. 2019లో ఎన్‌డీఏలో అన్నాడీఎంకే భాగస్వామి. 2024లో ఆ పార్టీ విడిగా పోటీచేసి లక్షకు కాస్త తక్కువగా ఓట్లు పొందింది. మరోవైపు 2019లో లక్షకు పైగా ఓట్లు చీల్చిన టి.టి.వి. దినకరన్ పార్టీ 2024 నాటికి ఎన్‌డీఏ గూటికి చేరింది. ఒక మిత్రుడు వెళ్లగా కలిగిన లోటును మరో మిత్రుడు పూడ్చాడు. పన్నీర్‌సెల్వం, దినకరన్‌లకు పట్టున్న ముక్కులత్తోర్ వర్గాల ఓటు ఇందులో కీలకం. అటు ముస్లిం ఓటర్లు, దళితులలో ఒక భాగం, డీఎంకే సంప్రదాయ ఓటు కలిసి నవాస్ కనిని గట్టెక్కించాయి. ఈ లెక్కలన్నీ కులాల, కూటముల కూర్పుతో వివరించదగినవి. వీటిని వివరించడానికి కచ్చతీవు అవసరం లేదు.

దీని అర్థం మత్స్యకారుడికి ఆ దీవి పట్టదని కాదు. దీవిని పోగొట్టుకున్నామన్న బాధ అతనికి ఉన్నది. అయితే ఆ బాధకు రెండు కూటముల వద్దా చికిత్స లేదని కూడా అతనికి తెలుసు. రెండు పక్షాలూ ఒకే కోరికను వినిపిస్తున్నప్పుడు ఓటు ఆ కోరికను బట్టి పడదు. ఇతర అంశాలను బట్టి పడుతుంది.

సముద్రం అడుగున ఉన్న పేచీ

అసలు సమస్య నీటి అడుగున ఉంది. పాల్క్ అఖాతం లోతు తక్కువైన సముద్రం. రొయ్యల ఎగుమతికి గిరాకీ పెరిగిన కాలంలో ప్రభుత్వ ప్రోత్సాహంతోనే ఇక్కడికి ట్రాల్ బోట్లు వచ్చాయి. ఇవి బరువైన వలను సముద్రపు నేలపై ఈడ్చుకుంటూ పోతాయి. రొయ్యలతో పాటు పిల్ల చేపలు, గుడ్లు, నాచు, పగడపు దిబ్బల శిథిలాలు అన్నీ ఆ వలలో చేరుతాయి. దశాబ్దాల తరబడి ఈ వేట సాగిన ఫలితంగా భారత్ వైపు మత్స్యసంపద తరిగిపోయింది.

దీనికి భౌగోళిక పరిమితి తోడైంది. తమిళనాడు సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం, 1983 ప్రకారం తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల వరకు మర పడవలు వేటాడరాదు. ఆ జలాలు నాటు పడవలవి. రామేశ్వరం వద్ద సరిహద్దు గీత తీరానికి ఎంతో దూరంలో లేదు. ధనుష్కోడి కొన దగ్గర అది మరీ సమీపం. మధ్యలో మిగిలిన సన్నని నీటి పట్టీలో వందల ట్రాలర్లు బతకడం అసాధ్యం. రెండు వర్గాల ఘర్షణ నివారణకు వారంలో మూడు రోజులు మర పడవలు, నాలుగు రోజులు నాటు పడవలు వేటకు వెళ్లే ఏర్పాటు అమలులో ఉంది. ఆ మూడు రోజుల్లోనే డీజిల్ ఖర్చు, కూలీల వాటా, యజమాని అప్పు అన్నీ తీరాలి. కాబట్టి పడవ సరిహద్దు దాటడం చాలా సందర్భాలలో దారి తప్పడం కాదు, లెక్క వేసుకుని చేసే సాహసం.

ఒకప్పుడు ఈ సాహసానికి అడ్డు తక్కువ. 1983 నుంచి 2009 వరకు శ్రీలంకలో అంతర్యుద్ధం సాగిన కాలంలో అక్కడి ఉత్తర ప్రాంత మత్స్యకారులపై భద్రతా ఆంక్షలుండేవి. కాల్పుల భయం ఉన్నప్పటికీ భారత ట్రాలర్లకు ఆ జలాలలో పోటీ లేదు. యుద్ధం ముగిసి జాఫ్నా, మన్నార్, కిళినొచ్చి, ముల్లైత్తీవు జాలర్లు తిరిగి సముద్రంలోకి వచ్చేసరికి పరిస్థితి తలకిందులైంది. చిన్న పడవలతో వేసిన తమ వలలను రాత్రివేళ ట్రాలర్లు తెంపుకుపోతున్నాయని వారి ఫిర్యాదు. ఫిర్యాదు చేసేవారూ తమిళులే, నిందితులూ తమిళులే. యుద్ధకాలంలో తమ కోసం గొంతెత్తిన తమిళనాడే నేడు తమ బతుకుతెరువును దెబ్బతీస్తోందన్న వేదన ఉత్తర శ్రీలంకలో బలంగా ఉంది. జాలర్ల సమస్యను భారత్, శ్రీలంకల వివాదంగా మాత్రమే చూసేవారికి ఈ కోణం కనిపించదు.

2017లో శ్రీలంక పార్లమెంటు ట్రాల్ వేటను చట్టరీత్యా నిషేధించింది. ఆపై విదేశీ పడవలకు జరిమానాలు పెంచింది. నిర్బంధితులను కొద్ది వారాలకు విడుదల చేసినా పడవలు మాత్రం ప్రభుత్వపరమవుతున్నాయి. పదేపదే పట్టుబడినవారికి జైలు శిక్షలు పడుతున్నాయి. ఇందుకు నిరసనగానే 2024 ఫిబ్రవరిలో రామేశ్వరం మత్స్యకారులు కచ్చతీవు చర్చి ఉత్సవాన్ని బహిష్కరించారు. ఆ ఏడాది నిర్బంధితుల సంఖ్య 500 దాటింది. ఆగస్టు 1న కచ్చతీవు సమీపంలో శ్రీలంక నౌకాదళ నౌకకూ రామేశ్వరం పడవకూ జరిగిన ఘటనలో ఒక మత్స్యకారుడు మరణించాడు.

పట్టుబడేది చాలాసార్లు పడవ యజమాని కాదు, వాటా మీద పనిచేసే కళాసీ. జైలుకు వెళ్లేది అతడు. పడవ పోయి అప్పుల పాలయ్యేది యజమాని. ఇద్దరి నష్టమూ నిజమే అయినా ఒకటి కాదు. తీరంలో మూడో వర్గమైన నాటు పడవల జాలర్లు ట్రాల్ వేటను మొదటినుంచీ వ్యతిరేకిస్తున్నవారే. ‘మత్స్యకారుల డిమాండు’ అని ఎన్నికల వేదికపై వినిపించే మాటలో ఈ మూడు వర్గాల భిన్న ప్రయోజనాలు కలగలిసిపోతాయి. సంఘటిత శక్తి గల మర పడవల సంఘాల వాణే ఎక్కువగా వినిపిస్తుంది.

ప్రత్యామ్నాయం ఎందుకు నత్తనడక నడిచింది

పరిష్కారం దిశగా ఒక ప్రయత్నం జరగకపోలేదు. 2017లో కేంద్రం, రాష్ట్రం కలిసి పాల్క్ అఖాతపు ట్రాలర్ల స్థానంలో లోతు సముద్రపు వేట పడవలను ప్రవేశపెట్టే పథకాన్ని చేపట్టాయి. మూడేళ్లలో 2,000 పడవలు, 1,600 కోట్ల రూపాయల వ్యయం అన్నది లక్ష్యం. ఒక్కో పడవ ధర 80 లక్షల రూపాయలు. అందులో కేంద్రం 50 శాతం, రాష్ట్రం 20 శాతం భరిస్తే, 20 శాతం బ్యాంకు రుణం, 10 శాతం లబ్ధిదారు వాటా. ఆ ఏడాది జులైలో రామేశ్వరం వచ్చినప్పుడు ప్రధాని స్వయంగా కొందరు మత్స్యకారులకు మంజూరు పత్రాలు అందజేశారు.

ఆచరణలో నీటిలోకి దిగినవి లక్ష్యంలో స్వల్ప భాగమే. కారణాలు ఊహకందనివి కావు. ఉదయం వెళ్లి మర్నాటికి తిరిగి వచ్చే రొయ్యల వేటకు అలవాటుపడినవారు వారాల తరబడి సముద్రంలో ఉండి గాలాల వరుసలతో ట్యూనా చేపను పట్టడం నేర్చుకోవాలి. లోతు లేని పాల్క్ అఖాతపు రేవులలో పెద్ద పడవలు నిలవవు. మన్నార్ సింధుశాఖ వైపు మూక్కైయూర్‌లో ఫిషింగ్ హార్బర్ నిర్మించినా, రామేశ్వరం కుటుంబాలకు అది పొరుగూరి రేవు కిందే లెక్క. పాత పడవను అప్పగించాలి, కొత్త అప్పు మోయాలి, పట్టిన చేపకు శీతల గిడ్డంగీ కొనుగోలుదారూ దొరకాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా జాలరి పాత పడవనే ఎక్కుతాడు.

బాధ్యత పంపకం కూడా ఈ నత్తనడకకు ఒక కారణం. రాజ్యాంగం ప్రకారం ప్రాదేశిక జలాలలోని మత్స్యవేట రాష్ట్ర జాబితాలోది. వాటికి ఆవలి వేట, విదేశీ సంబంధాలు కేంద్ర జాబితాలోవి. ట్రాలర్ల నమోదు, నియంత్రణ రాష్ట్రం చేతిలో ఉంటే, పట్టుబడినవారి విడుదల కేంద్రం చేతిలో ఉంది. అరెస్టు జరిగిన ప్రతిసారీ రాష్ట్రం కేంద్రానికి లేఖ రాస్తుంది. కేంద్రం కొలంబోతో మాట్లాడుతుంది. ట్రాలర్ల సంఖ్యను తగ్గించే కఠిన నిర్ణయం మాత్రం ఎవరి బల్లపైకీ చేరదు.

తెలుగు తీరానికీ తెలిసిన కథ

ఈ వెత తెలుగు పాఠకులకు అపరిచితం కాదు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు బతుకుతెరువు కోసం గుజరాత్ వెళ్లి, అక్కడి బోట్లలో కూలీలుగా పనిచేస్తూ 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు గుండా విడుదలై వచ్చారు. 2025లో విడుదలైన ‘తండేల్’ చిత్రానికి ఆ ఉదంతమే ప్రేరణ. అక్కడా జైలుకు వెళ్లింది పడవ యజమానులు కారు, కూలీలే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం తూర్పు తీరమంతటికీ ఒకటే. ఆ కాలానికి ఇచ్చే భృతిలో మాత్రం రాష్ట్రాల మధ్య అంతరం ఉంది. తమిళనాడు 2023లో 5,000 రూపాయల భృతిని 8,000కు పెంచుతున్నట్లు ప్రకటించగా, ఆంధ్రప్రదేశ్ 2025లో దానిని 20,000 రూపాయలు చేసింది. నిషేధ కాలపు రెండు నెలలకు ఇది కొంత ఊరట. తక్కిన పది నెలల వేటను నిలకడగా మార్చే విధానం రెండు రాష్ట్రాలకూ ఇంకా అవసరమే.

కొలంబోకూ ఉంది ఓట్ల లెక్క

తమిళనాడు ప్రసంగాలలో తరచు విస్మృతమయ్యే అంశం మరొకటి ఉంది. శ్రీలంక ప్రభుత్వానికీ ఉత్తరాదిన ఓటర్లున్నారు. 2024 నవంబరు పార్లమెంటు ఎన్నికలలో అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే నాయకత్వంలోని నేషనల్ పీపుల్స్ పవర్ జాఫ్నా జిల్లాలోని ఆరు స్థానాలలో మూడింటిని గెలుచుకుంది. దక్షిణ ప్రాంతం కేంద్రంగా ఎదిగిన పార్టీకి తమిళుల కోటలో ఇది అపూర్వ విజయం. ఆ ఓటర్లలో మత్స్యకారులు గణనీయమైన వర్గం. ట్రాలర్ల విషయంలో మెతకగా ఉంటే ఆ మద్దతు నిలవదని కొలంబోకు తెలుసు.

తరువాతి పరిణామాలు ఈ నేపథ్యంలో చూడదగినవి. 2025 ఏప్రిల్ 2న తమిళనాడు శాసనసభ కచ్చతీవును తిరిగి పొందాలని మరోమారు తీర్మానించింది. అదే వారంలో కొలంబో వెళ్లిన ప్రధాని మోదీ మత్స్యకారుల విడుదలను, పడవల అప్పగింతను ప్రస్తావించి, మానవతా దృక్పథం అవసరమన్నారు. ఏప్రిల్ 6న అక్కడి నుంచి నేరుగా రామేశ్వరం చేరి కొత్త పంబన్ వంతెనను ప్రారంభించారు. ఆగస్టులో మదురై సభలో నటుడు, తమిళగ వెట్రి కళగం అధినేత విజయ్ కూడా దీవి డిమాండును అందుకున్నారు. కొద్ది రోజులకే, సెప్టెంబరు 1న, దిసనాయకే స్వయంగా కచ్చతీవులో కాలుమోపారు. ఇటు ఓట్ల కోసం పలికే ప్రతి మాటకూ అటు ఓట్ల కోసం ఒక బదులు ఉంటుందనడానికి ఇది తాజా ఉదాహరణ. ఇలా రెండు వైపులా పట్టుదల పెరిగిన కొద్దీ నడి సముద్రంలో ఉన్న జాలరికి వెసులుబాటు తగ్గుతుంది.

ముందున్న కొలమానాలు

కచ్చతీవు తిరిగి భారత్ చేతికి వచ్చిందనుకున్నా, సమస్య తీరుతుందా అన్న ప్రశ్న మిగులుతుంది. దీవి చుట్టూ లభించే అదనపు జలాలు పరిమితం. అదే వల అక్కడా ఈడిస్తే కొన్నేళ్లకు అక్కడి నేలా బోసిపోతుంది. ట్రాలర్లు కోరుకునే రొయ్యల జలాలు దీవిని దాటి శ్రీలంక తీరం వరకు విస్తరించి ఉన్నాయి. దీవి చేతులు మారినంత మాత్రాన ఆ జలాలు మారవు.

కనుక రామనాథపురం ప్రతినిధిగా ఎవరున్నా వారి పనితీరును కొలవడానికి దీవి ప్రస్తావనల సంఖ్య కన్నా మెరుగైన కొలమానాలున్నాయి. పాల్క్ అఖాతంలో ట్రాలర్ల సంఖ్య ఏటేటా తగ్గుతున్నదా? పడవ అప్పగించిన యజమానికి తగిన పరిహారం, కళాసీకి ప్రత్యామ్నాయ ఉపాధి విడివిడిగా అందుతున్నాయా? ఇరు దేశాల జాలర్ల సంఘాల మధ్య ఆగిపోతూ సాగుతూ ఉన్న చర్చలకు క్రమబద్ధత వచ్చిందా? ఆ చర్చలలో నాటు పడవల వారికి చోటు దక్కిందా? తీరానికి ఆవల, మిరప పొలాల గ్రామాలకు ఎండాకాలంలో మంచినీరు చేరుతున్నదా?

ఈ ప్రశ్నలలో ఏ ఒక్కటీ సభా వేదికపై చప్పట్లు తెచ్చేది కాదు. వీటికి జవాబు చెప్పాలంటే ముందుగా సొంత తీరంలోని పడవ యజమానులకు అప్రియమైన మాట చెప్పవలసి ఉంటుంది. కచ్చతీవు ప్రసంగం పొరుగు దేశాన్ని తప్పుపడుతుంది. ట్రాలర్ల తగ్గింపు సొంత ఓటరును నొప్పిస్తుంది. యాభై ఏళ్లుగా అన్ని పక్షాలూ మొదటి దానినే ఎంచుకోవడానికి కారణం ఇంతకన్నా లోతైనదేమీ కాదు.